కులం పుట్టుపూర్వోత్తరాలు, కులవృత్తి: మీవాళ్ళ చరిత్ర మీరే రాసుకోవడం ఎలా

ఇంటర్నెట్‌లో తమ కులం పేరు కొట్టి చూసిన వాళ్ళకు ఇంచుమించు ఒకే కథ ఎదురవుతుంది. ఒక మహర్షి, ఒక యాగం, యాగగుండంలోంచో చెమటచుక్కలోంచో పుట్టిన మూలపురుషుడు, అక్కడి నుంచి ఒక్క గెంతులో ఏదో ఒక రాజవంశం. ఆ మధ్యలో ఎన్ని తరాలవాళ్ళు ఏం పని చేసి బతికారు, ఆ పని ఎవరి కోసం చేశారు, చేసినందుకు చేతికి ఏం వచ్చింది, చివరికి ఎందుకు మానేశారు అన్నది మాత్రం ఎక్కడా ఉండదు. ఆ ఖాళీ మీరే పూడ్చుకోవాలంటే ఏం చెయ్యాలో ఇక్కడ చెప్తాను. ఉదాహరణలు ఎక్కువగా సాలెవాళ్ళవి, గౌడులవి ఇస్తున్నాను, పద్ధతి మాత్రం తెలుగునాట ఏ కులానికైనా పనికొస్తుంది.

నాది ఒక్కటే పట్టుదల. ఋషి దగ్గర మొదలుపెట్టకండి, పనిముట్టు దగ్గర మొదలుపెట్టండి. పురాణాన్ని పారేయమనడం లేదు, దాని చోటు దానికి ఉంది, కాకపోతే అది రెండో అధ్యాయం.

ముందు పేర్ల చిట్టా

ఒక కాగితం మీద మీ కులానికి ఉన్న పేర్లన్నీ రాయండి. సర్టిఫికెట్లో ఉన్నది, ఊళ్ళో పిలిచేది, తాతల కాలంలో పిలిచినది, ఎగతాళిగా వాడినది కూడా. పాత కాగితాల్లో మీకు దొరికేది ఇప్పటి గౌరవమైన పేరు కాదు మరి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కుల సంఘాలు వరసగా పుట్టుకొచ్చి, జనాభా లెక్కల్లో తమను ఫలానా పేరుతో రాయమని అర్జీలు పెట్టుకున్నాయి. మంగలి నాయీబ్రాహ్మణుడిగా, చాకలి రజకుడిగా, ముత్రాసి ముదిరాజుగా, గొల్ల యాదవుడిగా, కంసాలి విశ్వబ్రాహ్మణుడిగా రికార్డులకు ఎక్కింది ఎక్కువగా ఈ వందేళ్ళలోనే.

గౌడుల సంగతి ఇంకా చిక్కు. ఈడిగ, గమళ్ళ, కలాలి, శ్రీశయన, సెగిడి, యాత, శెట్టిబలిజ, ఇలా జిల్లా మారితే పేరు మారుతుంది. వీటిలో కొన్ని ఒకే కులానికి ఉన్న రకరకాల పేర్లు, కొన్ని ఒకే పని చేసిన వేర్వేరు కులాలు, ఏది ఏదో ముందే తేల్చేసుకోకండి. నేతవాళ్ళలోనూ అంతే. పద్మశాలి, పట్టుసాలి, దేవాంగ, తొగట, కరికాలభక్తులు, జాండ్ర, కైకాల. బయటివాళ్ళకు అందరూ సాలెవాళ్ళే, లోపల మాత్రం దేవతలు వేరు, పెళ్ళిసంబంధాలు వేరు. ఇప్పుడు ప్రభుత్వం దృష్టిలో ఎవరు ఎక్కడ ఉన్నారో కావాలంటే బీసీ జాబితా చూడండి. అనంతరామన్ కమిషన్ నివేదిక మీద 1970లో ఏ, బీ, సీ, డీ గ్రూపులు చేశారు, సంచార జాతులు, విముక్త జాతుల్లాంటివి ఏలో, చేతివృత్తులవాళ్ళు ఎక్కువగా బీలో ఉంటారు. జాబితాలో మీ పేరు పక్కన కామాలు పెట్టి రాసిన ఇతర పేర్లు ఉంటాయి చూడండి, అవన్నీ మీ చిట్టాలోకి ఎక్కించండి.

ఇంటిపేరు చూసి కులం, కులం చూసి ఇంటిపేరు ఊహించే అలవాటు ఒకటి ఉంది మనకు. ఊరి పేరే ఇంటిపేరు అయిన చోట అదే పేరు నాలుగు కులాల్లో కనిపిస్తుంది. ఇంటిపేరు మీ పూర్వీకుల ఊరికి దారి చూపొచ్చు. అంతకుమించి దాని మీద బరువు వెయ్యకండి.

ఇంట్లో పెద్దవాళ్ళను అడిగే తీరు

"తాతా, మన కులం ఎట్లా పుట్టింది" అని అడిగితే తాత కూడా ఎవరో చెప్పిన పురాణమే చెప్తాడు. "నువ్వు పదేళ్ళవాడిగా ఉన్నప్పుడు పొద్దున లేవగానే నాన్న ఏం చేసేవాడు" అని అడగండి, అప్పుడు అసలు సంగతులు బయటికొస్తాయి.

నేత ఇల్లయితే మగ్గం పక్కన కూర్చోబెట్టి అడగండి, మగ్గం లేకపోతే అది ఉన్న చోటు చూపించమనండి. గుంటమగ్గమా, ఫ్రేము మగ్గమా? నాడె (అడ్డపోగును ఇటూ అటూ తీసుకెళ్ళేది) చేత్తో విసిరేవాళ్ళా, తాడు లాగితే పరుగెత్తే రకమా, అది ఊళ్ళోకి ఎప్పుడొచ్చింది? నూలు ఎవరిచ్చారు, షావుకారా, సొసైటీనా, సంతలో కొన్నారా? నేసింది చీరా, పంచా, రుమాలా, దాన్ని ఎవరు కట్టుకునేవాళ్ళు? పడుగుకి, అంటే నిలువు పోగులకు, గంజి ఎవరు పట్టించేవాళ్ళు?

ఈ ఆఖరి ప్రశ్న ఒక్కటి వీధి మొత్తాన్ని బయటికి లాగుతుంది. ఎండ ముదరకముందే వీధి పొడుగునా పడుగు సాగదీసి, గంజి పట్టించి, పెద్ద కుంచెను ఇద్దరు చెరోవైపు పట్టుకుని ఒకే వేగంతో ఈ కొస నుంచి ఆ కొసకు దువ్వుకుంటూ పోయేవాళ్ళు, తెగిన పోగు కనపడితే అక్కడికక్కడే ముడి. ఆలస్యమైతే గంజి ఆరిపోయి పోగులు ఒకదానికొకటి అంటుకుంటాయి, కాబట్టి ఒక్క ఇంటివాళ్ళ వల్ల అయ్యే పని కాదు, పక్కింటివాళ్ళు రావాల్సిందే, రేపు వాళ్ళ పడుగుకి మీరు వెళ్ళాల్సిందే. నేతవాళ్ళు ఒకే వీధిలో గుంపుగా ఎందుకు ఉంటారన్నది దీంతోనే సగం తెలుస్తుంది. ఏ కులపురాణంలోనూ ఈ వివరం దొరకదు.

ఆడవాళ్ళను విడిగా అడగండి, మగవాళ్ళు పక్కన లేనప్పుడు అయితే ఇంకా మంచిది. కులవృత్తి అనగానే మగ్గం మీద కూర్చున్న మగమనిషి ఫొటోనే వేస్తారు, ఆయన చేతికి నూలు చుట్టిన కండె అందేదాకా జరిగిన పని దాదాపు అంతా ఆడవాళ్ళది. పోచంపల్లి వైపు చిటికీ చీరలకు ఆసు పోయడం చూస్తే తెలుస్తుంది. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ పోగును తిప్పుతూ ఒక్క చీరకు వేల సార్లు చెయ్యి ఆడించాలి, భుజాలు అరిగిపోయేవి. ఆ బాధ చూడలేకే చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రం చేశాడు, 2017లో పద్మశ్రీ ఇచ్చారు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేసేదీ ఆడవాళ్ళే. మీ ఇంట్లో ఇలాంటి పని ఏదో ఉండే ఉంటుంది, అడిగేవాళ్ళు లేక ఎవరూ చెప్పి ఉండరు.

గౌడుల ఇంట్లో అయితే కల్లుగీత పనిముట్లు, మోకు, ముస్తాదు, గీతకత్తి ముందర పెట్టించండి. తాళ్ళా ఈదులా, రోజుకి ఎన్ని చెట్లు, పొద్దుటా సాయంత్రమా, ఏ కాలంలో ఏ చెట్టు పారుతుంది, ఇవన్నీ నోటికి వచ్చినట్టు చెప్తారు. అసలు ప్రశ్న తర్వాతిది. చెట్టు ఎవరిది? భూమి ఒకరిది, చెట్టు పన్ను సర్కారుది, అమ్ముకునే హక్కు వేలంలో పాడుకున్న ఆబ్కారీ కాంట్రాక్టరుది, ప్రాణం మాత్రం ఎక్కినవాడిది. సహకార సంఘాలు రాకముందు, వచ్చాక ఏం మారిందో రాసుకోండి. మీ వంశంలో చెట్టు మీది నుంచి పడినవాళ్ళు ఎవరో కూడా అడగండి, అడగడానికి ఇబ్బందిగానే ఉంటుంది, అయినా అడగండి.

ఇక్కడే ఇంకో దారి ఉంది, పెళ్ళి. పాత పెళ్ళి గురించి అడిగితే ఊళ్ళో మీ కులానికి మిగతా కులాలతో ఉన్న ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ వరసగా వచ్చేస్తాయి. ఐరేని కుండలు కుమ్మరి ఇంటి నుంచి, గంపలూ చాటలూ మేదరి దగ్గర నుంచి, సన్నాయీ డోలూ మంగలివాళ్ళవి, డప్పు మాదిగలది, దివిటీ పట్టింది చాకలి. ఎవరికి ఏం ఇచ్చారు, ఎవరిని ఎక్కడ నిలబెట్టారు, ఎవరిని పందిట్లోకి రానివ్వలేదు? కల్లంలో ధాన్యం కొలిచేటప్పుడు ఎవరెవరికి మేర (పనికి బదులిచ్చే ధాన్యం వాటా) తీసేవాళ్ళు, మీవాళ్ళు తీసుకునే వైపు ఉన్నారా, ఇచ్చే వైపు ఉన్నారా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే ఊళ్ళో మీ కులం ఎక్కడ నిలబడిందో ఇంక వేరే చెప్పక్కర్లేదు.

తేదీల విషయంలో పెద్దవాళ్ళను "ఏ సంవత్సరం" అని విసిగించకండి. కరువు, వరద, ఉప్పెన, రజాకార్లు, ఇవి పట్టుకోండి. 1908 మూసీ వరద, 1947-48 రజాకార్ల గొడవ, 1977 దివిసీమ ఉప్పెన, వీటికి ముందా తర్వాతా అంటే టక్కున చెప్తారు. "నందన కరువులో మావాళ్ళు ఊరు విడిచారు" లాంటి మాట వస్తే గుంటూరు ప్రాంతంలో అది 1832-33. కానీ తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తాయి కాబట్టి నందన 1892లోనూ వచ్చింది, 1952లోనూ వచ్చింది. ధాతు కరువు అంటే 1876 నాటిది, 1936 కూడా ధాతేనని గుర్తుంచుకోండి. ఎన్ని తరాల కిందటి మాటో లెక్కేస్తే ఏ నందనో, ఏ ధాతో తేలిపోతుంది.

ఇంట్లో, ఆఫీసులో ఉన్న కాగితాలు

ఇనప్పెట్టెలో పాత దస్తావేజులుంటే అవి బంగారం. వందేళ్ళ కిందటి క్రయపత్రంలో ఫలానా గ్రామ కాపురస్తుడు, ఫలానావారి కుమారుడు అన్నదాంతో పాటు కులం, జీవనం ఏమిటో కూడా రాసి ఉండటం మామూలే. "నేత జీవనం" అని ఒక తరంలో, "వ్యవసాయం" అని తర్వాతి తరంలో కనిపిస్తే వృత్తి ఎప్పుడు జారిపోయిందో మీకు చేతికి చిక్కినట్టే. స్కూలు అడ్మిషన్ రిజిస్టరూ ఇలాగే పనికొస్తుంది.

ఆంధ్ర ప్రాంతంలో ఇనాం ఫెయిర్ రిజిస్టర్ అడగండి. 1858 తర్వాత ఇనాం కమిషన్ ఊరూరా తిరిగి ఎవరికి ఏ సేవ కింద ఎంత మాన్యం ఉందో రాసింది. మంగలి మాన్యం, చాకలి మాన్యం, కుమ్మరి మాన్యం, గుడి ముందు వాయించినందుకు మాన్యం, అన్నీ సర్వే నంబర్లతో సహా ఉంటాయి. తెలంగాణలో పాత భూమి రికార్డులైన సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ చూడాలి. హైదరాబాద్ తార్నాకలో రాష్ట్ర పురాభిలేఖ శాఖ ఉంది, నిజాం కాలపు కాగితాలు ఎక్కువగా ఉర్దూ, ఫార్సీల్లో ఉంటాయి కాబట్టి చదివిపెట్టే మనిషిని ముందే చూసుకుని వెళ్ళండి. ఆఫీసుల్లో "ఎందుకు కావాలి" అని అడుగుతారు, భూమి తగాదా అనుకుని బిగుసుకుపోతారు. కుటుంబ చరిత్ర కోసమని అర్జీలో సూటిగా రాస్తే పని కొంచెం తొందరగా జరుగుతుంది.

శ్రీశైలం, యాదగిరిగుట్ట, వేములవాడ లాంటి చోట్ల కుల సత్రాలు ఉన్నాయి కదా, వాటి గోడల మీద దాతల పేర్లూ ఊర్లూ చెక్కి ఉంటాయి. ఏ ఊరివాళ్ళు ఏ కాలంలో డబ్బు ఇచ్చే స్థితికి వచ్చారో ఆ రాళ్ళే చెప్తాయి. ఒక ఫొటో తీసుకోండి చాలు.

ఇప్పుడు పురాణం

కులపురాణాన్ని పుస్తకంలో చదవడం కంటే పాడేవాళ్ళ నోట వినడం ఎన్నో రెట్లు మేలు. తెలుగునాట, ముఖ్యంగా తెలంగాణలో, చాలా కులాలకు ఆశ్రిత కులాలు ఉన్నాయి. ఆ కులం కథను తరతరాలుగా చెప్తూ, ఆ కులం ఇళ్ళలోనే సంభావన అడిగే హక్కు ఉన్నవాళ్ళు. పద్మశాలీలకు కూనపులివాళ్ళు, సాధనాశూరులు. గౌడులకు జెట్టీలు, ఏనూటివాళ్ళు. మాదిగలకు డక్కలి, చిందు, మాస్టీలు. ముదిరాజులకు కాకిపడగలవాళ్ళు. గొల్లలకు మందహెచ్చులు, కురుమలకు ఒగ్గువాళ్ళు, విశ్వబ్రాహ్మణులకు రుంజలు, పనసలు, మంగలివాళ్ళకు అద్దపువాళ్ళు, కోమట్లకు వీరముష్టివాళ్ళు, రెడ్లకూ కాపులకూ పిచ్చకుంట్లవాళ్ళు. 2022లో పద్మశ్రీ అందుకున్న కిన్నెర మొగులయ్యది డక్కలి కులమే.

వీళ్ళలో కొందరి దగ్గర పటం ఉంటుంది, చేర్యాల నకాషీలు వేసిన పొడవాటి బట్ట బొమ్మలు. చుట్ట విప్పుతూ ఒక్కో గడిలో ఉన్న బొమ్మను కర్రతో చూపిస్తూ కథ నడుపుతారు. కొందరి దగ్గర మిరాశి హక్కు రాసిన రాగిరేకులు కూడా ఉంటాయి, ఏ ఊర్లలో ఏ కులం దగ్గర అడుక్కునే హక్కు ఎవరిదో అందులో ఉంటుంది. అలాంటిది చూపిస్తే ఫొటోకి అనుమతి అడగండి, కొంటాం అని మాత్రం అడక్కండి. అది వాళ్ళ బతుకుతెరువు కాగితం.

రికార్డు చేసేటప్పుడు ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వదిలెయ్యండి, మధ్యలో "ఇది నిజంగా జరిగిందా" అని అడ్డుపడకండి. రాత్రంతా సాగే కథను గంటలో కుదించమంటే ఆ కుదించిన కథలో మీకు కావాల్సినవే పోతాయి. డబ్బు ముందే మాట్లాడుకుని నిండుగా ఇవ్వండి. మీ తాతలు ఇచ్చిన మానెడు బియ్యం రేటు ఇప్పుడు పనికిరాదు. వరంగల్‌లోని తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞానపీఠం ఈ కళల మీద చాలా పని చేసింది, మీ కులం కథ ఇప్పటికే రికార్డయి ఉందేమో అక్కడ అడగడం మంచిది.

విన్నాక ఏం చెయ్యాలి? కథలో మూడు రకాల సంగతులు కలిసి ఉంటాయి, మూడింటినీ విడదియ్యండి. మొదటిది పుట్టుక మహిమ. భావనారుషి తామరతూడు దారంతో దేవతలకు బట్ట నేశాడు, సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్ళాడాడు, నూట ఒక్క మంది కొడుకులు, నూట ఒక్క గోత్రాలు. విశ్వకర్మ ఐదు ముఖాల నుంచి మను, మయ, త్వష్ట, శిల్పి, విశ్వజ్ఞులు వచ్చి కమ్మరం, వడ్రంగం, కంచరం, శిల్పం, కంసాలి పని పంచుకున్నారు. మాదిగల జాంబపురాణంలో అయితే భూమీ ఆకాశమూ లేనప్పుడే జాంబవంతుడు ఉన్నాడు, అంటే అందరికంటే పెద్దవాడు తనే. దీన్ని చరిత్రగా రాయకండి, అబద్ధమని కొట్టెయ్యనూ వద్దు. ఈ పని తక్కువది అని ఊరు అన్నప్పుడు, కాదు దేవతలకే మేం చేసిపెట్టాం అని ఆ కులం ఇచ్చిన జవాబు అది.

రెండోది గొడవలు. ఏ కులంతో పోటీ, ఎవరు మోసం చేశారు, ఏ గౌరవం ఎందుకు పోయింది. వీటి వెనక నిజంగా జరిగిన తగాదాలు ఉండే అవకాశం ఎక్కువ. మూడోది చిన్నచిన్న పేర్లు. ఊర్లు, ఏర్లు, గుట్టలు, పనిముట్లు, దేవతలు. ఎల్లమ్మ ఎక్కడ వెలిసింది, మంద ఏ ఏరు దాటింది? నాకు అన్నిటికంటే ఇష్టమైనవి ఇవే. పాడేవాళ్ళు మహిమను పెంచుతారు గానీ ఊరి పేరు మార్చాల్సిన అవసరం వాళ్ళకు పెద్దగా ఉండదు.

పాట, చరిత్ర రెండూ కలిసే చోటు చూడాలంటే సర్వాయి పాపన్న దగ్గరికి రండి. కల్లుగీత కులంలో పుట్టి, కోటలు కట్టుకుని, 1708లో వరంగల్ మీద పడి దోచుకుని, 1710లో మొగలు సైన్యం చేతిలో చచ్చిపోయిన మనిషి. ఫార్సీ చరిత్రకారుడు ఖాఫీఖాన్ అతన్ని దుర్మార్గుడైన దోపిడీదారుగా రాశాడు, జనం పాటలో అతను వీరుడు. ఇద్దరూ గీతవాడనే చెప్తారు, ఇద్దరూ కోట గురించే చెప్తారు. రెండు విరోధి సాక్ష్యాలు కలిసిన చోట మీకు గట్టి నేల దొరికినట్టు.

దొరల పుస్తకాలు, ఎంతవరకు నమ్మాలి

మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ థర్‌స్టన్ 1909లో కె. రంగాచారి సాయంతో దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు అచ్చు వేశాడు. నిజాం రాజ్యం మీద సయ్యద్ సిరాజుల్ హసన్ పుస్తకం 1920లో వచ్చింది. రెండూ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. థర్‌స్టన్‌లో వెతికేటప్పుడు స్పెల్లింగుతో తిప్పలు పడతారు. చాకలి "సి" కింద దొరకదు, "టిఎస్" అని మొదలవుతుంది కాబట్టి ఏడో సంపుటంలో ఉంటుంది. వడ్డెరలు "ఓ" అక్షరం కింద ఒడ్డె అని, ముత్రాసి "ముత్రాచ" అని ఉంటారు. మీరు చేసుకున్న పేర్ల చిట్టా ఇక్కడ పనికొస్తుంది.

ఈ పుస్తకాల్లో ఆచారాలు, పనిముట్లు, పెళ్ళి తంతుల వర్ణన ఉన్నచోట ఉపయోగం ఉంది. స్వభావాల గురించి రాసినచోట నమ్మకండి. థర్‌స్టన్ జనం ముక్కులూ తలలూ కొలిచి కులాలను అంచనా వేసిన మనిషి, పైగా ఒక కులం గురించి సమాచారం తరచూ పక్క కులం ఉద్యోగి చెప్పినదే. ఎరుకలవాళ్ళ గురించి ఆ కాలం పుస్తకాలు చదివితే పుట్టుకతోనే దొంగలన్నట్టు ఉంటుంది. గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకున్నవాళ్ళకు రైళ్ళు, ఉప్పు పన్ను వచ్చి ఆ వ్యాపారం పోయిందన్న మాట పక్కకు పెట్టి, నేరస్థ జాతుల చట్టం కింద స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. 1871లో ఉత్తరాదిలో వచ్చిన చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి పాకింది, అక్కడ 1947లో, దేశమంతటా 1952లో గానీ పోలేదు. అలాంటి వాక్యాలను ఎత్తి మీ వ్యాసంలో పెడితే ఆ మచ్చను మీరు మళ్ళీ అచ్చు వేసినట్టే.

అంకెలు కావాలంటే 1931 జనాభా లెక్కలే చివరివి, అన్ని కులాల లెక్కా పూర్తిగా అచ్చయింది అప్పుడే. ఆ తర్వాత 2024లో తెలంగాణ ప్రభుత్వం ఇంటింటి సర్వే చేసింది, రాబోయే జనగణనలో కులం కూడా అడుగుతామని కేంద్రం 2025లో చెప్పింది. పాత లెక్కల్లో కులం అంకె కంటే దాని పక్కనే ఉన్న వృత్తి పట్టిక ఆసక్తిగా ఉంటుంది. కులవృత్తిలో ఉన్నవాళ్ళు ఎందరు, వదిలినవాళ్ళు ఎందరు అని అప్పటికే లెక్కేశారు.

మెకంజీ కైఫియత్తులు కూడా చూడండి. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి మెకంజీ 1821లో చనిపోయేలోపు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య లాంటి వాళ్ళ చేత ఊరి కరణాల నుంచి సేకరించిన వృత్తాంతాలు అవి. మీ ఊరి కైఫియత్తు దొరికితే అదృష్టం. చెప్పింది కరణం కాబట్టి కరణానికి కనిపించిన ఊరే అందులో ఉంటుందని మాత్రం మనసులో పెట్టుకోండి.

శాసనాల్లో మీరు దొరుకుతారా

దొరకొచ్చు. రుద్రమదేవి కాలం 1261 నాటి మల్కాపురం శాసనం తెరవండి. మందడం దగ్గరి గోళకీ మఠానికి ఇచ్చిన దానంలో బడి, ప్రసూతిశాల, వైద్యశాలతో పాటు ఊరికి కావాల్సిన పనివాళ్ళకు కూడా భూమి వాటాలు రాశారు. కంసాలి, కంచరి, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, మేదరి, మంగలి ఆ వరసలో కనిపిస్తారు. పనికి బదులు భూమి అన్న ఏర్పాటు ఏడువందల యాభై ఏళ్ళ కిందటే రాతి మీద ఉంది.

ఇంకోటి, తూర్పు చాళుక్యుల కాలపు టేకి రాగిరేకులు. పదకొండో శతాబ్దంలో తెలికివాళ్ళకు, అంటే నూనె గానుగవాళ్ళకు, పెళ్ళిలో గుర్రమెక్కి ఊరేగే గౌరవం లాంటివి రాజు ఇస్తాడు, ఇస్తూ వాళ్ళు అయోధ్య నుంచి రాజులతో పాటు వచ్చినవాళ్ళని చెప్తాడు. ఉత్తరాది నుంచి వచ్చాం, రాజుల వెంట వచ్చాం అనే కథ ఇప్పటి కుల సంఘాలు కనిపెట్టిందేం కాదు, వెయ్యేళ్ళ కిందటే గౌరవం అడగడానికి అదే దారి అన్నమాట.

ఒక జాగ్రత్త. శాసనంలో శెట్టి, రెడ్డి, బోయ, నాయక అని కనపడగానే అది ఇప్పటి మన కులమే అని గంతులెయ్యకండి. కాకతీయుల కాలంలో ఇవి చాలాచోట్ల హోదానో, చేసే పనినో చెప్పే తోకలు. ఇప్పటి కులం హద్దులు అప్పుడు ఇలాగే ఉన్నాయనుకుంటే తప్పుదారి పడతారు.

వృత్తి ఒక కులానిదే అని రాసేముందు

నేత అంటే సాలెవాళ్ళదేనా? మాలల్లో ముతక బట్టలు నేసినవాళ్ళు చాలామంది, నేతకాని అనే కులం తెలంగాణలో ఎస్సీ జాబితాలో ఉంది. ఉప్పరవాళ్ళు ఉప్పు పండించినవాళ్ళు, 1805లో ఈస్టిండియా కంపెనీ ఉప్పు మీద గుత్తాధిపత్యం పెట్టి క్రమంగా బిగించాక చెరువు మట్టి పనికీ, గోడ పనికీ మళ్ళారు. అంటే ఇప్పుడు వాళ్ళ కులవృత్తిగా మనం చెప్పుకునేది కొన్ని తరాల కిందట గతిలేక పట్టిన పని. అలాగే కరీంనగర్, నల్గొండ నేతవాళ్ళు సోలాపూర్, భివండి, సూరత్ వెళ్ళి మిల్లుల్లో, పవర్‌లూముల్లో కుదిరారు. కులం అదే, వస్త్రం అదే, కానీ మగ్గం ఇంకొకడిది. కాబట్టి "అనాదిగా మా వృత్తి" అనే మాట రాయబోతే ఆగి, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా అని వేసుకుని చూడండి.

రాసేటప్పుడు దాచొద్దు. మీవాళ్ళు వెట్టి చేసి ఉంటే ఎవరికి చేశారో రాయండి, చేయించుకుని ఉంటే అదీ రాయండి. ఏ బావిలో నీళ్ళు ఎవరిని తోడుకోనివ్వలేదో మీ ఇంటి పెద్దావిడకి గుర్తుంటుంది. కులచరిత్ర పేరుతో వచ్చే సంచికల్లో నాకు చిరాకు తెప్పించేది ఇదే, అందరూ రాజులే, అందరూ దాతలే, ఊళ్ళో తప్పు చేసినవాళ్ళు ఎవరూ ఉండరు. పక్క కులాన్ని కించపరిచే సామెతలు కథల్లో వస్తాయి, ముఖ్యంగా దళిత కులాల మీద. రికార్డులో ఉండనివ్వండి, బయటపెట్టే వ్యాసంలో మాత్రం అవసరం లేకుండా ఎత్తకండి, చట్టం సంగతి అలా ఉంచినా అది మర్యాద కాదు.

వ్యాసం పొడవు గురించి టెన్షన్ పడొద్దు, ఇరవై పేజీలు చాలు. మొదట పని, పనిముట్లు, ఫొటోలు. తర్వాత మీ ఊరు, మీ వలస. ఆ తర్వాత కులపురాణం, ఎవరు పాడారో వాళ్ళ ఊరు, పాడిన తేదీతో సహా, వాళ్ళు ఒప్పుకుంటే పేరుతో. చివర కాగితాల్లో, శాసనాల్లో దొరికినవి. ప్రతి సంగతి పక్కన ఇది విన్నదా, చదివినదా, చూసినదా అని ఒక్క మాట వెయ్యండి, పదేళ్ళ తర్వాత మీకే ఉపయోగపడుతుంది.

అచ్చుకో, ఆన్‌లైన్‌లోకో పంపేముందు ఒక కాపీ మీ ఊళ్ళోనే వేరే కులం మనిషికి చదివి వినిపించండి. నేతవాళ్ళయితే నూలు అప్పిచ్చిన షావుకారు ఇంటివాళ్ళకు, భూమి ఉన్నవాళ్ళయితే మీ ఇంట్లో పాలేరుగా చేసిన కుటుంబానికి. వాళ్ళు "అట్లా కాదు" అన్నచోట వాదించకుండా, వాళ్ళ మాట కూడా అదే పేజీలో మీ మాట కిందే రాసెయ్యండి.